పింగాణీని దారంగా తీస్తే ప్రోటాన్ల దెబ్బకు నిలబడుతుందా? అంగళ్లు విద్యార్థులకు ఇందులో పనేంటి?

పింగాణీ కప్పులో సలసల కాగే టీ ఒక్కసారిగా పోస్తే ఒక్కోసారి టప్పున చిట్లిపోతుంది. లోపలి వైపు వేడెక్కి సాగాలని చూస్తుంది. బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది. ఈ రెండింటి లాగులాటలో కప్పు పగులుతుంది. మరి అదే పింగాణీని తల వెంట్రుకలో వందో వంతు సన్నటి దారాలుగా తీసి, దూదిలా పరిస్తే? అప్పుడు కూడా పగులుతుందా?

వినడానికి స్కూలు పిల్లల ప్రశ్నలా ఉన్నా, పెద్ద పెద్ద పార్టికల్ యాక్సిలరేటర్లు నడిపే శాస్త్రవేత్తలు సీరియస్‌గా ఆలోచిస్తున్న విషయం ఇది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో భారత్ భాగస్వామ్యంతో ఒక భారీ యాక్సిలరేటర్ తయారవుతోంది. దాని శక్తిని పెంచుకుంటూ పోవచ్చు. కానీ ఆ శక్తి వచ్చి తగిలే చోట ఉండే చిన్న ముక్క ఎంతకాలం నిలబడుతుంది? అసలు చిక్కు అక్కడే ఉంది.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టు మగ్గాలు చూసినవాళ్లకు దారం బలం ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ పక్కనే అంగళ్లులో ఇంజినీరింగ్ చదివే వందలాది మందికి ఈ కథ తెలియాల్సిన అవసరం ఉంది. ఎందుకంటే ఈ పరిశోధనలో మొదటి మెట్టుకు వేల కోట్ల యంత్రం అక్కర్లేదు. ఒక సిరంజి, ఒక హై వోల్టేజ్ సప్లై, ఒక కొలిమి ఉంటే పని మొదలవుతుంది. ఆ తర్వాతి మెట్లు ఎక్కడున్నాయన్నదే ప్రశ్న.

ఇంతకీ టార్గెట్ అంటే ఏంటి?

యాక్సిలరేటర్ పని ప్రోటాన్ల లాంటి కణాలను దాదాపు కాంతి వేగానికి తీసుకెళ్లడం. అలా పరుగెత్తే కణాల గుంపునే బీమ్ అంటారు. ఆ బీమ్‌ను తీసుకెళ్లి ఒక పదార్థం మీద కొడతారు. ఆ పదార్థమే టార్గెట్.

ప్రోటాన్లు టార్గెట్‌లోని పరమాణు కేంద్రకాలను ఢీకొన్నప్పుడు కొత్త కణాలు పుడతాయి. అందులో పయాన్లు ముఖ్యం. అవి కొద్ది దూరం వెళ్లగానే విచ్ఛిన్నమై న్యూట్రినోలను ఇస్తాయి. న్యూట్రినో అంటే దేన్నీ పెద్దగా పట్టించుకోకుండా భూమినే దాటుకుని వెళ్లిపోయే కణం. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మన ఒంట్లో నుంచి ప్రతి క్షణం లెక్కలేనన్ని వెళ్తూనే ఉంటాయి. మనకు తెలియదంతే.

అంత అంటీముట్టనట్టు ఉండే కణాన్ని పట్టాలంటే ఒకటే దారి. లెక్కకు మించి పుట్టించాలి. కొన్నైనా డిటెక్టర్‌కు చిక్కుతాయి. ఎక్కువ న్యూట్రినోలు కావాలంటే ఎక్కువ ప్రోటాన్లు కావాలి. ఎక్కువ ప్రోటాన్లు పంపితే టార్గెట్‌కు ఎక్కువ దెబ్బ. మొత్తం కథ ఈ లెక్క చుట్టూనే తిరుగుతోంది.

కుప్పం పక్కనే రాసిన చరిత్ర

న్యూట్రినోల కథ మన ప్రాంతానికి కొత్తది కాదు. కుప్పం నుంచి రాష్ట్ర సరిహద్దు దాటితే కొద్ది దూరంలోనే కోలార్ బంగారు గనులు. 1965లో ఆ గని లోపల, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా, బ్రిటన్‌లోని డర్హమ్ బృందాలతో కలిసి ఒక ప్రయోగం చేశారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొట్టమొదట పట్టుకున్నవాళ్లలో వాళ్లున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందం కూడా అదే పని చేసింది. ప్రచురణలో కోలార్ బృందమే కొన్ని రోజులు ముందుంది.

తర్వాత గనులు నష్టాల్లోకి వెళ్లాయి. 2001లో కోలార్ మూతపడింది. కుప్పం వైపున్న చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల్లోనూ అప్పుడే పని ఆగిపోయింది. తమిళనాడులోని తేని జిల్లాలో భారత న్యూట్రినో అబ్జర్వేటరీ కట్టాలని కేంద్ర కేబినెట్ 2015లో సుమారు 1,500 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. స్థానికుల నిరసనలు, పర్యావరణ అభ్యంతరాలతో అదీ ముందుకు కదల్లేదు.

ఇప్పుడు అదే తరహా పని అమెరికాలో జరుగుతోంది. విచిత్రం ఏంటంటే అక్కడా పాత బంగారు గనే. సౌత్ డకోటా రాష్ట్రంలో మూతపడిన హోమ్‌స్టేక్ గనిలో, సుమారు కిలోమీటరున్నర లోతున డ్యూన్ అనే ప్రయోగం కోసం పెద్ద పెద్ద గుహలు తవ్వారు. 2024 మొదట్లో ఆ తవ్వకం పూర్తయింది. దాదాపు 8 లక్షల టన్నుల రాయి బయటికి తీశారు. అక్కడికి 1,300 కిలోమీటర్ల దూరంలో, షికాగో దగ్గరున్న ఫెర్మీల్యాబ్ నుంచి భూమిలోంచే న్యూట్రినోలను పంపుతారు.

రెండింటికీ తేడా ఒక్కటే. కోలార్‌లో ప్రకృతి పంపిన న్యూట్రినోల కోసం ఎదురుచూశారు. ఇక్కడ మనిషే పుట్టించి పంపుతాడు. పుట్టించాలంటే టార్గెట్ కావాలి.

టార్గెట్ దెబ్బతింటే ఏమవుతుంది?

అదేదో ల్యాబ్‌లో చిన్న ముక్క పాడైతే ఇంకోటి పెట్టుకుంటారులే అనుకుంటే పొరపాటే. ఇప్పటికే జరిగిన మూడు సంఘటనలు చూస్తే విషయం అర్థమవుతుంది.

మొదటిది జపాన్. 2013 మే 23న జె-పార్క్ కేంద్రంలో ఒక లోపం వల్ల, రెండు సెకన్ల పాటు నెమ్మదిగా రావాల్సిన ప్రోటాన్ బీమ్ మొత్తం సెకనులో 200వ వంతులో వచ్చి పడింది. అక్కడ టార్గెట్ బంగారం. అందులో కొంత భాగం కరిగిపోయింది. రేడియోధార్మిక పదార్థం హాలులోకి లీకైంది. 34 మంది సిబ్బంది రేడియేషన్‌కు గురయ్యారు. ఆ హాలులో ప్రయోగాలు మళ్లీ మొదలవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది.

రెండోది అమెరికాలోని ఓక్‌రిడ్జ్. న్యూట్రాన్లు పుట్టించే ఆ కేంద్రంలో టార్గెట్ ద్రవ రూపంలోని పాదరసం. బీమ్ తగిలిన ప్రతిసారీ పాదరసంలో చిన్న బుడగలు పుట్టి పగులుతాయి. ఆ దెబ్బకు స్టీలు పాత్ర లోపలి గోడ గుంటలు పడుతుంది. 2014లో టార్గెట్ పాత్రలు అనుకున్నదానికంటే ముందే పాడవడంతో, మెషీన్‌కు సత్తా ఉన్నా శక్తి తగ్గించి నడపాల్సి వచ్చింది.

మూడోది ఫెర్మీల్యాబ్‌లోనే. 2006 నుంచి 2009 వరకు వాడిన ఒక గ్రాఫైట్ టార్గెట్ ఒక్కసారిగా పగల్లేదు. నెమ్మదిగా బలహీనపడింది. బీమ్ అంతే వస్తున్నా న్యూట్రినోల సంఖ్య మెల్లమెల్లగా పది శాతానికి పైగా పడిపోయింది. తర్వాత విప్పి చూస్తే గ్రాఫైట్ పలకలు ఉబ్బి, కొన్ని పగిలి కనిపించాయి.

అంటే టార్గెట్ విఫలమైతే ఒక చోట మనుషులకు ప్రమాదం, ఒక చోట మెషీన్ తగ్గించిన శక్తితో నడవడం, ఒక చోట డేటా తగ్గిపోవడం. పైగా వాడిన టార్గెట్ తీవ్రంగా రేడియోధార్మికంగా మారుతుంది. దాన్ని చేత్తో ముట్టుకుని మార్చలేరు. రిమోట్ పరికరాలతో మార్చాలి. దానికి వారాలు పడుతుంది.

ఒక్క టార్గెట్‌కు మూడు దెబ్బలు

డ్యూన్ కోసం తయారవుతున్న బీమ్ లెక్క ఒకసారి చూద్దాం. 120 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల శక్తి ఉన్న ప్రోటాన్లు, విడతకు సుమారు 75 లక్షల కోట్ల చొప్పున వస్తాయి. 1.2 సెకన్లకు ఒక విడత. విడత మొత్తం సెకనులో లక్షో వంతు సమయంలో వచ్చి తగులుతుంది. బీమ్ సగటు శక్తి 1.2 మెగావాట్లు. తర్వాత దాన్ని 2.4 మెగావాట్లకు పెంచాలన్నది ప్లాన్.

ఆ శక్తిలో టార్గెట్‌లో మిగిలేది చిన్న భాగమే. ఎక్కువ భాగం పుట్టిన కణాలతో ముందుకు వెళ్లిపోతుంది. కానీ ఆ చిన్న భాగమే టార్గెట్‌ను మూడు రకాలుగా కొడుతుంది.

ఒకటి వేడి. పడిన వేడిని వెంటనే బయటికి లాగకపోతే పదార్థం కరుగుతుంది లేదా ఆవిరవుతుంది.

రెండోది అదురు. సెకనులో లక్షో వంతులో మధ్యభాగం వేడెక్కితే అది సాగడానికి కూడా టైమ్ ఉండదు. చుట్టూ ఉన్న చల్లటి భాగం దాన్ని బిగించి పట్టుకుంటుంది. అక్కడి నుంచి ఒత్తిడి అలలు పుట్టి పదార్థంలో అటూ ఇటూ తిరుగుతాయి. టీ కప్పు చిట్లే కథే ఇది, కాకపోతే సెకనుకోసారి చొప్పున ఏడాదికి కోట్ల సార్లు.

మూడోది రేడియేషన్ నష్టం. పదార్థంలో పరమాణువులు వరుసగా తమ తమ చోట్లలో ఉంటాయి. ప్రోటాన్ వచ్చి కొడితే ఒక పరమాణువు తన చోటు వదిలి ఎక్కడో ఇరుక్కుంటుంది. వెనక ఒక ఖాళీ మిగులుతుంది. ఇలాంటి ఖాళీలు, ఇరుకులు పోగుపడితే పదార్థం పెళుసవుతుంది, ఉబ్బుతుంది, వేడిని బయటికి పంపే గుణం పోగొట్టుకుంటుంది. దీనికి తోడు కేంద్రకాలు ముక్కలై హీలియం, హైడ్రోజన్ వాయువులు లోపలే పుడతాయి. బయటికి దారి లేక బుడగలు కడతాయి.

వేడిని కొత్త కూలింగ్ సిస్టమ్‌తో తట్టుకోవచ్చు. కానీ అదురు, రేడియేషన్ నష్టం రెండూ పదార్థం స్వభావంతో ముడిపడినవి. అందుకే 2012లో ఫెర్మీల్యాబ్ ముందుండి రేడియేట్ అనే పేరుతో ఒక అంతర్జాతీయ కూటమిని మొదలుపెట్టింది. సెర్న్, జె-పార్క్, ఓక్‌రిడ్జ్ లాంటి కేంద్రాలు అందులో ఉన్నాయి. దాని పని ఒక్కటే: టార్గెట్ పదార్థాలు ఎలా పాడవుతున్నాయి, పాడవకుండా ఏం చేయాలి అని చూడటం.

గట్టిదనం కాదు, వదులుదనం

ఇన్నాళ్లూ జవాబు ఒకే దిక్కులో వెతికారు. ఇంకా గట్టి పదార్థం, ఇంకా దిట్టమైన గ్రాఫైట్, ఇంకా మేలైన బెరీలియం, టైటానియం. ఫెర్మీల్యాబ్‌లో ఇంజినీర్ సుజిత్ బిధర్, ఆయన సహచరులు వేరే దిక్కు పట్టారు. పదార్థాన్ని గట్టిపరచడం కాదు, వదులు చేయడం.

కుండ పగులుతుంది, చాప పగలదు. ఈ ఆలోచన సారం అంతే.

జిర్కోనియా అనే సిరామిక్‌ను తీసుకుంటారు. ఇది మనకు తెలియని వస్తువేం కాదు. నగల షాపులో అమెరికన్ డైమండ్ అని అమ్మే రాయి, పళ్ల డాక్టర్ వేసే తెల్లటి క్యాపు, రెండూ జిర్కోనియా రకాలే. కరగాలంటే దాదాపు 2,700 డిగ్రీల సెల్సియస్ కావాలి. దీన్ని నానోఫైబర్లుగా, అంటే మైక్రాన్ కంటే సన్నటి దారాలుగా తీస్తారు. పోలిక కోసం చెప్పాలంటే పట్టుపురుగు తీసే పోగు మందం పది మైక్రాన్లకు పైనే ఉంటుంది. దానికంటే ఇవి పది రెట్లకు పైగా సన్నం.

ఇలా చేస్తే మూడు దెబ్బలకూ మూడు జవాబులు దొరుకుతాయని వాదన.

అదురు విషయంలో, ఒక్కో దారం పక్కదానితో అతుక్కుని ఉండదు కాబట్టి వేడెక్కినప్పుడు స్వేచ్ఛగా సాగుతుంది. బిగించి పట్టుకునేది ఏదీ లేదు. ఒత్తిడి అల పుట్టినా పక్క దారంలోకి వెళ్లే దారి లేదు.

వేడి విషయంలో, దారాల మధ్య అంతా ఖాళీయే. అందులోంచి నేరుగా హీలియం వాయువును పంపొచ్చు. గట్టి కడ్డీలో వేడి మధ్య నుంచి అంచుకు రావాలి, అప్పుడే చల్లబడుతుంది. ఇక్కడ చల్లదనమే లోపలికి వెళ్తుంది.

రేడియేషన్ విషయంలో, దారం అంత సన్నగా ఉన్నప్పుడు లోపలున్న ప్రతి పరమాణువుకూ ఉపరితలం దగ్గరే. చోటు తప్పిన పరమాణువులు, పుట్టిన వాయువులు లోపల పోగుపడకుండా బయటికి జారుకునే వీలుంటుంది. పైగా దారం లోపల చిన్న చిన్న స్ఫటికాల మధ్య సరిహద్దులుంటాయి. అవి కూడా ఇలాంటి లోపాలను మింగేస్తాయి.

ఎలా తయారు చేస్తారు?

దీనికి వాడే పద్ధతి పేరు ఎలక్ట్రోస్పిన్నింగ్. కొత్తది కాదు. 1902లోనే అమెరికాలో దీనిపై పేటెంట్ ఉంది. 1930ల్లో వస్త్రాల కోసం వాడాలని చూశారు.

ముందు ఒక పాలిమర్‌ను, జిర్కోనియం లవణాన్ని కలిపి చిక్కటి ద్రావణం చేస్తారు. దాన్ని సిరంజిలో నింపి సూది నుంచి చాలా నెమ్మదిగా బయటికి తోస్తారు. సూదికి, ఎదురుగా ఉన్న లోహపు పలకకు మధ్య పది నుంచి ఇరవై వేల వోల్టుల విద్యుత్ పెడతారు. ఆ బలానికి సూది చివర ఉన్న చుక్క కోన్‌లా సాగి, దాని మొన నుంచి సన్నటి ధార దూకుతుంది. గాలిలోనే మెలికలు తిరుగుతూ ఆరిపోయి, పలక మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది.

ఆ పొరను కొలిమిలో వందల డిగ్రీల వేడిలో కాలుస్తారు. పాలిమర్ కాలిపోతుంది. సిరామిక్ దారం మిగులుతుంది. కుమ్మరి పచ్చి కుండను ఆములో కాల్చినట్టే. ఎంత వేడిలో, ఎంతసేపు, ఎంత నెమ్మదిగా కాల్చారన్న దాన్ని బట్టి దారం గట్టిగా వస్తుందా, పొడిపొడిగా రాలుతుందా అన్నది తేలుతుంది.

కాబట్టి తయారీలో గొప్ప రహస్యం ఏమీ లేదు. నైపుణ్యం ఉంది. ద్రావణం చిక్కదనం, గాలిలో తేమ, వోల్టేజ్, కాల్చే తీరు.. ఈ నాలుగూ కుదరాలి. వర్షాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా వచ్చే దారాన్ని ఎప్పుడూ ఒకేలా తెప్పించడమే అసలు పని.

పరీక్షలో ఏం తేలింది?

వాదన బాగుంది. మరి నిజంగా బీమ్ తగిలితే? సెర్న్‌లో హైర్యాడ్‌మ్యాట్ అనే పరీక్షా కేంద్రం ఉంది. 440 గిగా ఎలక్ట్రాన్ వోల్ట్ల ప్రోటాన్ బీమ్‌ను ఒక్క దెబ్బగా పదార్థం మీద కొట్టి చూసే చోటు అది. 2018లో ఫెర్మీల్యాబ్ నానోఫైబర్ నమూనాలను అక్కడ పరీక్షించారు.

ఫలితం ఆసక్తికరం. వదులుగా ఉన్న నమూనా నిలబడింది. దారాలు దగ్గర దగ్గరగా బిగిసి ఉన్న నమూనా బీమ్ తగిలిన చోట దెబ్బతింది. అంటే నానోఫైబర్ అయితే చాలదు, ఎంత వదులుగా పరిచారన్నదీ ముఖ్యమే.

ఇక్కడే మెలిక ఉంది. వదులుగా పరిస్తే దెబ్బ తట్టుకుంటుంది, నిజమే. కానీ వదులుగా ఉంటే ప్రోటాన్లకు ఎదురయ్యే పదార్థం తగ్గుతుంది. తక్కువ పదార్థం అంటే తక్కువ పయాన్లు, తక్కువ న్యూట్రినోలు. అన్ని న్యూట్రినోలే కావాలంటే టార్గెట్ పొడవు పెంచాలి. పొడవు పెంచితే పుట్టిన పయాన్లను ఒక దిక్కుకు తిప్పే అయస్కాంత పరికరాలకు సర్దుబాటు కష్టమవుతుంది. బిగిస్తే పగులుతుంది, వదిలితే చాలదు. మధ్యలో ఎక్కడ ఆగాలన్నదే ఇప్పుడు తేలాల్సిన లెక్క.

ఇంకో రెండు చిక్కులున్నాయి. దూది లాంటి పదార్థంలోంచి వేగంగా వాయువు పంపితే ఒత్తిడి బాగా పెరుగుతుంది, పొర చెదిరిపోకూడదు. అలాగే ఒక్క దెబ్బ తట్టుకోవడం వేరు, ఏళ్ల తరబడి కోట్ల దెబ్బలు తట్టుకోవడం వేరు. అందుకే డ్యూన్‌కు మొదటి టార్గెట్‌గా బ్రిటన్‌లోని రూథర్‌ఫర్డ్ యాపిల్టన్ ల్యాబ్ డిజైన్ చేసింది హీలియంతో చల్లబరిచే గ్రాఫైట్ కడ్డీనే. నానోఫైబర్ రేపటి అభ్యర్థి మాత్రమే. ఇంకా గెలవలేదు.

భారత్ వాటా ఎక్కడుంది?

ఫెర్మీల్యాబ్ కొత్త యాక్సిలరేటర్ పేరు పిప్-2. డ్యూన్‌కు కావాల్సిన మెగావాట్ బీమ్‌కు ఇదే తొలి మెట్టు. ఇందులో భారత్‌ది పెద్ద పాత్ర. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీలో రెండు దేశాలూ న్యూట్రినో పరిశోధనపై ఒప్పందం చేసుకున్నాయి. ముంబైలోని బార్క్, ఇండోర్‌లోని ఆర్ఆర్‌క్యాట్, కోల్‌కతాలోని వీఈసీసీ, ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ ఇందులో భాగం. సూపర్ కండక్టింగ్ కుహరాలు, అయస్కాంతాలు, రేడియో ఫ్రీక్వెన్సీ పవర్ పరికరాలు మనవైపు నుంచి వెళ్లేవి.

తెలుగువాళ్ల వాటా కూడా తక్కువేం కాదు. ఫెర్మీల్యాబ్‌లోనే నడుస్తున్న నోవా న్యూట్రినో ప్రయోగంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్ పాల్గొంటున్నాయి. జిర్కోనియం విషయానికొస్తే హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1970ల నుంచి అణు రియాక్టర్ల కోసం జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు తయారు చేస్తోంది. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా మన తీరం ఇసుకలో జిర్కాన్ ఖనిజం ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో సిరామిక్స్, నానో పదార్థాల మీద ప్రత్యేక విభాగాలే ఉన్నాయి.

ఖనిజం ఉంది, ఫ్యాక్టరీ ఉంది, ల్యాబ్ ఉంది. బీమ్‌ను పుట్టించే వైపు మన పేరు గట్టిగానే వినిపిస్తోంది. బీమ్ దెబ్బ తినే వైపు మాత్రం అంత గట్టిగా వినిపించడం లేదు. మెషీన్లు ఎంత పెరిగినా చివరికి ఆపేది టార్గెట్టే అయినప్పుడు, ఆ వైపు కూడా మనవాళ్లు ఉండాలి కదా?

అంగళ్లు నుంచి దారి ఉందా?

ఉంది. కాకపోతే మెట్లు మెట్లుగా ఉంది.

మొదటి మెట్టు తయారీ. ఎలక్ట్రోస్పిన్నింగ్ సెటప్‌కు సిరంజి పంప్, హై వోల్టేజ్ సప్లై, పలక, మఫిల్ ఫర్నేస్ కావాలి. మదనపల్లె, అంగళ్లు, కుప్పం లాంటి చోట్ల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల స్థాయికి ఇది అందని పని కాదు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా, ఎంటెక్ థీసిస్‌గా చేయదగ్గదే. వేల వోల్టులతో, మండే ద్రావకాలతో పని కాబట్టి ఇంట్లో చేసుకునేది మాత్రం కాదు. ల్యాబ్‌లోనే, తెలిసినవాళ్ల సమక్షంలోనే చేయాలి.

రెండో మెట్టు చూడటం. ఇంత సన్నటి దారం కంటికి కనపడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. ప్రతి కాలేజీలో అది ఉండదు. అందుకే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ సైఫ్ పేరుతో ఐఐటీ మద్రాస్ లాంటి చోట్ల ఉమ్మడి పరికరాల కేంద్రాలు పెట్టింది. బయటి విద్యార్థులు ఫీజు కట్టి నమూనా పంపొచ్చు. దేశంలో ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకోవడానికి 2020లో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది.

మూడో మెట్టు రేడియేషన్ పరీక్ష. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, మనకు యాక్సిలరేటర్ ఎవరిస్తారులే అని. నిజానికి ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌ను యూజీసీ పెట్టిందే యూనివర్సిటీల కోసం. పరిశోధకులు ప్రతిపాదన రాసి పంపితే, నిపుణుల కమిటీ చూసి బీమ్ టైమ్ ఇస్తుంది. మన పక్కనే కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో కూడా అయాన్ బీమ్‌తో పదార్థాలను పరీక్షించే యాక్సిలరేటర్ ఉంది.

ఈ అయాన్ పరీక్షకు ఒక సౌలభ్యం ఉంది. మామూలు దిట్టమైన పదార్థంలో అయాన్లు పైపొరలోనే ఆగిపోతాయి. లోపల ఏం జరిగిందో తెలియదు. నానోఫైబర్ అంత సన్నగా ఉంటుంది కాబట్టి తగినంత శక్తి ఉన్న అయాన్లు దారం ఒక వైపు నుంచి రెండో వైపుకు దూసుకెళ్తాయి. నష్టం దారమంతా దాదాపు సమంగా పడుతుంది. చిన్న ల్యాబ్ చేతికి వచ్చిన మంచి అవకాశం ఇది.

దీనికి ఒక పరిమితీ ఉంది. అయాన్ పరీక్ష పాసైనంత మాత్రాన టార్గెట్ పరీక్ష పాసైనట్టు కాదు. అయాన్లు పరమాణువుల చోట్లు తప్పిస్తాయి. కానీ ప్రోటాన్ దెబ్బలా ఒక్కసారిగా అదురు పుట్టించవు, లోపల హీలియం పుట్టించవు. ఆ పరీక్ష ఇప్పటికీ సెర్న్ లాంటి చోట్లే చేయాలి. కాబట్టి అంగళ్లులో తీసిన దారం నేరుగా ఫెర్మీల్యాబ్ బీమ్ ముందుకు వెళ్తుందని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. ఏ కాల్పు పద్ధతిలో దారం గట్టిపడుతుంది, ఎంత వదులుగా పరిస్తే గాలి సరిగ్గా వెళ్తుంది, అయాన్ దెబ్బకు ఏ మిశ్రమం ఎక్కువ నిలుస్తుంది.. ఈ ప్రశ్నలకు మాత్రం చిన్న ల్యాబ్ నుంచీ జవాబులు రావొచ్చు.

టార్గెట్ కుదరకపోయినా నష్టం లేదు

రేపు ఫెర్మీల్యాబ్ గ్రాఫైట్‌తోనే సరిపెట్టుకుందనుకుందాం. అప్పుడు ఇంత నేర్చుకున్నదంతా వృథానా? కాదు. ఇవే సిరామిక్ నానోఫైబర్లు అతి వేడి పొగను వడకట్టే ఫిల్టర్లకు, కొలిమిల ఇన్సులేషన్‌కు, బ్యాటరీలలో వేడి తట్టుకునే పొరలకు పనికొస్తాయి. దారం తీయడం, కాల్చడం, మైక్రోస్కోప్‌లో కొలవడం వచ్చిన విద్యార్థికి ఈ అన్ని చోట్లా పని ఉంటుంది. టార్గెట్ అనేది ఆ నైపుణ్యానికి పెట్టే అతి కఠినమైన పరీక్ష.

మళ్లీ కోలార్ దగ్గరికే వద్దాం. 1965లో ఆ గని లోతుల్లో జరిగిన పనికి కావాల్సిన గొప్ప ఆస్తి మన పక్కనే ఉంది, అదే ఆ లోతు. దాన్ని వాడుకోగలిగారు కాబట్టి ప్రపంచం కంటే ముందు నిలిచారు. తర్వాత గని మూతపడింది, అక్కడి ప్రయోగాలూ ఆగిపోయాయి.

ఇప్పుడు కావాల్సింది లోతైన గని కాదు. సన్నటి దారం తీయగల చేతులు, ఓపిగ్గా వందసార్లు కాల్చి చూసే అలవాటు, బీమ్ టైమ్ కోసం ఒక మంచి ప్రతిపాదన రాయగల గురువు. పట్టు పోగు తెగకుండా తీయడం తరతరాలుగా తెలిసిన ప్రాంతానికి ఇందులో మొదటిది కొత్త కాదు. మిగతా రెండూ కాలేజీల చేతుల్లో ఉన్నాయి.